మిద్దె మీద ఈత తొట్టి పెట్టుకోవచ్చా? శ్లాబు ఎంత బరువు మోస్తుంది?

ప్రశ్న: కావలి నుంచి ఒక గృహస్థు

అందరికీ నమస్కారం. కావలిలో మాకు 2011లో కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు ఉంది. పిల్లర్ల మీద కట్టిన ఇల్లే. శ్లాబు మందం 5 అంగుళాలు, పై అంతస్తులో పెద్ద గది 12 అడుగులకు 16 అడుగులు, మిద్దె మొత్తం సుమారు 1,200 చదరపు అడుగులు. వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి మా అక్కయ్య పిల్లలు, చెన్నై నుంచి మా తమ్ముడి పిల్లలు వస్తారు. ఈ ఎండలకు వాళ్లు ఏసీ గది వదిలి కదలడం లేదని, ఇనుప గొట్టాల చట్రానికి మందపాటి ప్లాస్టిక్ గుడ్డ బిగించి నీళ్లు నింపుకొనే ఈత తొట్టి ఒకటి ఆన్‌లైనులో చూసి పెట్టాను. పొడవు 15 అడుగులు, వెడల్పు 7 అడుగులు, నిలిచే నీళ్ల లోతు రెండున్నర అడుగులు. దాన్ని పెద్ద గదికి సరిగ్గా పైన, మిద్దె మీద పెట్టాలని ఉంది.

ఇల్లు కట్టిన మేస్త్రీని అడిగితే "లారీ ఎక్కించినా మీ శ్లాబుకు ఏమీ కాదు" అన్నాడు. మా చెల్లెలి పెళ్లికి ఇదే మిద్దె మీద షామియానా వేసి బంతికి వందమంది చొప్పున భోజనాలు పెట్టాం, చిన్న పగులైనా రాలేదు. మెట్లగది మీద 2,000 లీటర్ల ట్యాంకు ఇన్నేళ్లుగా నిండుగానే ఉంటోంది. మా బావగారు మాత్రం ససేమిరా వద్దంటున్నారు. కారణం అడిగితే "నీళ్ల బరువు నీకు తెలియదు" అని ఊరుకుంటారు. తెలిసినవారు దయచేసి లెక్కతో చెప్పగలరు.

సమాధానం: నెల్లూరు నుంచి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు

మీ బావగారు చెప్పినదే సరైనది. ఆయన చెప్పకుండా వదిలేసిన లెక్క నేను చెబుతాను.

ఒక చదరపు మీటరు జాగాలో ఒక మీటరు లోతున నీళ్లు నిలిస్తే వాటి బరువు 1,000 కిలోలు, అంటే లోతు ప్రతి సెంటీమీటరుకూ చదరపు మీటరుకు 10 కిలోల చొప్పున పెరుగుతుంది. మీ తొట్టిలో నీటి లోతు రెండున్నర అడుగులు, అనగా 76 సెంటీమీటర్లు కనుక, దాని కింద ప్రతి చదరపు మీటరు మీదా 760 కిలోలు పడతాయి. మొత్తం నీళ్లు సుమారు 7,400 లీటర్లు, అంటే ఏడు టన్నుల పైమాట. మనుషులు నడిచే చదును మిద్దెకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం నిర్దేశించిన అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలు మాత్రమే. మీరు పెట్టదలచినది దానికి అయిదింతలు.

పెళ్లి భోజనాల సంగతికి వస్తే, మనిషికి 60 కిలోల చొప్పున వందమంది బరువు 6,000 కిలోలు, మీ మిద్దె 111 చదరపు మీటర్లు. అంటే ఆ రోజు శ్లాబు మోసినది చదరపు మీటరుకు 54 కిలోలు. ప్రమాణం చెప్పినదానిలో మూడో వంతుకు కాస్త పైన. ఆ విందును పరీక్షగా తీసుకోవడానికి వీల్లేదు. ట్యాంకు విషయం మరొకటి: మెట్లగది గోడలూ పిల్లర్లూ దాని బరువును నేరుగా పునాదికి దించుతున్నాయి, గది నడిమి శ్లాబుకు దానితో సంబంధమే లేదు.

ఇక్కడ చాలామంది "సేఫ్టీ ఫ్యాక్టర్ (అవసరానికి మించి ముందుగానే కలిపి ఉంచే బలం) ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది. 5 అంగుళాల శ్లాబు సొంత బరువు చదరపు మీటరుకు 310 కిలోలు, పైన వేసిన వాటర్‌ప్రూఫింగు, టైల్సు కలిపి సుమారు 100, మనుషుల కోసం 150. వెరసి 560. దాన్ని ఒకటిన్నరతో హెచ్చించి 840 కిలోలకు ఇనుము లెక్క కడతారు. ఇప్పుడు మీ తొట్టి వచ్చిందనుకోండి: గది వెడల్పు 12 అడుగుల్లో అది నడిమి 7 అడుగులే ఆక్రమిస్తుంది కాబట్టి, శ్లాబును వంచడంలో దాని ప్రభావం గదంతా నిండిన నీటితో పోలిస్తే అయిదింట నాలుగు వంతులు అనుకున్నా 600 కిలోలు దాటుతుంది. శ్లాబు, టైల్సు బరువు కలిపితే 1,000 దాటిపోయింది. ఎటువంటి అదనపు జాగ్రత్తా కలపకుండానే, శ్లాబు చివరి శక్తిగా లెక్కకట్టిన 840ని మించిపోయాం. ఈ లెక్క మీ ఇంటి డ్రాయింగు చూడకుండా వేసినది కనుక అంకెలు కొంత అటూ ఇటూ కావచ్చు, కానీ తీర్పు మారేంత తేడా రాదు.

అలాగని తొట్టి నింపిన రోజే శ్లాబు కూలుతుందని నేను అనడం లేదు. కాంక్రీటు, ఇనుము సాధారణంగా కాగితం మీది బలం కన్నా కొంత ఎక్కువే ఇస్తాయి, చుట్టుపక్కల బీములు కూడా కొంత ఆదుకుంటాయి. చిక్కు అక్కడే ఉంది. మనుషులు వచ్చి దిగిపోతారు, నీళ్లు వారాల తరబడి అక్కడే కూర్చుంటాయి. నిలిచి ఉన్న బరువు కింద కాంక్రీటు మెల్లమెల్లగా కుంగుతూ పోతుంది, అడుగున సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి, తొట్టిలోంచి చిందిన క్లోరిన్ నీళ్లు పైనుంచి దిగితే ఆ పగుళ్ల దాకా వెళ్లి చువ్వలను పట్టుకుంటాయి. మొదటి వేసవి క్షేమంగా గడిచిందంటే రెండో వేసవికి హామీ దొరికినట్టు కాదు.

సమాధానం: కందుకూరు నుంచి ఒక కాంట్రాక్టరు

ఇంజనీరు గారి లెక్క డ్రాయింగు ప్రకారం కట్టిన ఇంటికి వర్తిస్తుంది. మన ప్రాంతంలో అప్పట్లో కట్టిన చాలా ఇళ్లకు సిమెంటు, ఇసుక, కంకర తట్టల లెక్కన కలిపారు, పోయడం సులువుగా ఉంటుందని నీళ్లు మాత్రం చేతికి వచ్చినంత పోశారు. నీళ్లు ఎక్కువైన కాంక్రీటు బలం తగ్గుతుందని మేస్త్రీలకు తెలియక కాదు, పని త్వరగా తెమలాలని. మీ మేస్త్రీ లారీ మాటను అందుకే పెద్దగా పట్టించుకోకండి. మేము కట్టిన ఇంటిని మేము తక్కువ చేసి చెప్పుకోము.

ఒక్క పని చేయండి. పెద్ద గదిలో ఫ్యాను దింపించి, నిచ్చెన వేసుకుని, టార్చిలైటును శ్లాబుకు ఆనించి పక్కవాటుగా వెలుగు పడనివ్వండి. గోధుమరంగు చారలు, పొంగిన సున్నం, తడితే బోలుగా మోగే పెచ్చులు కనబడితే లోపల చువ్వలకు తుప్పు మొదలైందన్న మాట. సముద్రం దగ్గరి ఊళ్లలో, అందులోనూ ఉప్పునీటి బోరుతో క్యూరింగు చేసిన ఇళ్లలో, ఇది త్వరగా వస్తుంది. అటువంటి శ్లాబుకు 150 కిలోలు కూడా ఎక్కువే కావచ్చు.

ఇంకొకటి, తొట్టిని గది మీద కాకుండా బాల్కనీ వైపు జరుపుదామని ఎవరైనా సలహా ఇస్తే అసలు వినకండి. బయటికి పొడుచుకొచ్చిన శ్లాబుకు చువ్వలు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసే రోజు కూలీలు వాటి మీద నడిచి అడుగుకు తొక్కేస్తారు, ఆ సంగతి తరువాత ఎవరికీ కనబడదు. అటువంటి బాల్కనీ ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా విరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. తొట్టిని సగమే నింపితే ఎలా ఉంటుంది? లేదా శ్లాబుకు తగలకుండా పిల్లర్ల తలల మీద ఇనుప గర్డర్లు వేసి, వాటి మీద తొట్టి పెడితే కుదురుతుందా? మిద్దె మీద మరో అంతస్తు వేసుకునే ఉద్దేశంతో పిల్లర్ల చువ్వలు పైకి వదిలి ఉంచాము.

సమాధానం: నెల్లూరు నుంచి ఇంజనీరు

సగం నింపితే 38 సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 380 కిలోలు. అప్పటికీ ప్రమాణానికి రెండున్నర రెట్లు. పిల్లలు నింపే గొట్టం కట్టేయడం మరచిపోతే అది సగంతో ఆగదు. చంటిపిల్లలు కూర్చుని ఆడుకునే అయిదడుగుల చిన్న టబ్బును గోడకు దగ్గరగా పెట్టి, అరడుగుకు మించకుండా నీళ్లు పోస్తే నాకు అభ్యంతరం లేదు, శ్లాబు ఆరోగ్యంగా ఉంటేనే సుమా.

గర్డర్ల ఆలోచన మాత్రం సరైన దిశలో ఉంది. తొట్టి, చట్రం కలిపి ఎనిమిది టన్నులు దాటినా నాలుగు పిల్లర్లకు పంచితే ఒక్కోదానికి రెండు టన్నుల పైచిలుకే. మూడో అంతస్తుకు నిజంగానే లెక్కకట్టి పునాది వేసి ఉంటే ఆ మాత్రం భారాన్ని మోయగలదు. "నిజంగానే" అన్నది గమనించండి. పైకి వదిలిన చువ్వలు ఇంటి యజమాని ఆశను చెబుతాయి గానీ పునాది వెడల్పును చెప్పవు. నల్లరేగడి నేల అయితే పునాది మరీ జాగ్రత్తగా చూడాలి. ఒకచోట గుంట తీయించి పునాది కొలిపించి, ఇంజనీరు చేత గర్డర్ల లెక్క రాయించుకుని, బేస్ ప్లేట్లు (గర్డరు కింద ఆనే ఇనుప పలకలు) పిల్లరు తల మీదే కూర్చునేలా బిగించాలి. ఇంతా చేస్తే తొట్టి ఖరీదు కంటే గర్డర్ల ఖరీదు పెద్దదవుతుంది.

సమాధానం: ఒంగోలు నుంచి ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు

గర్డర్ల మీద పెట్టేవారు భూకంపాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. భూకంపాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1893 లోని 2016 నాటి పటంలో నెల్లూరు, ఒంగోలు మూడో జోనులో, అంటే మధ్యస్థ ప్రమాదం ఉన్న ప్రాంతంలో, ఉన్నాయి. ఇంటి నెత్తిన ఏడు టన్నుల నీళ్లు ఊగుతుంటే పిల్లర్ల మీద పడే పక్కబలం మారిపోతుంది.

మిద్దె మీద కొలను అసలు అసాధ్యమని ఎవరూ అనుకోనక్కరలేదు. సింగపూరులో 2010లో ప్రారంభమైన మెరీనా బే శాండ్స్ హోటలుకు 57వ అంతస్తు ఎత్తున 150 మీటర్ల కొలను ఉంది. అటువంటివి పునాది నుంచే ఆ బరువు కోసం పుట్టిన కట్టడాలు. మన దగ్గర కొత్తగా కట్టుకునేవారు కాంక్రీటు కొలను కావాలంటే ఐ.ఎస్. 3370 ప్రకారం నీటితొట్టిగా డిజైను చేయించి, ఎం30 అనే బలం గ్రేడుకు తగ్గని కాంక్రీటు వాడి, పగులు వెడల్పు 0.2 మిల్లీమీటరు దాటకుండా లెక్క కట్టించాలి.

కావలి మిత్రులను నేను అడగదలచినది ఇంకొకటి ఉంది. మీ మిద్దెకు చుట్టూ మూడడుగుల పిట్టగోడ ఉండి ఉంటుంది, వాననీరు పోవడానికి ఒకటో రెండో గొట్టాలు ఉంటాయి. నవంబరు తుపాను వానల్లో వేపాకులతో ఆ గొట్టాలు పూడుకుపోయి అడుగు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు 300 కిలోలు, అదీ మిద్దె అంతటా. ఈత తొట్టి కొనని ఇళ్లలో కూడా ఈ కొలను తయారవుతుంది. గొట్టాల నోటికి జాలీలు బిగించి, పిట్టగోడకు నేల నుంచి అరడుగు ఎత్తున అదనపు రంధ్రాలు రెండు వదలండి, ఒకటి పూడినా రెండోది కాస్తుంది. తొట్టి అంచు మీద నిలబడిన పిల్లవాడికి మూడడుగుల పిట్టగోడ మోకాలు కూడా దాటదన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న టార్చితో చూశాను. గది నడుమ పరవాలేదు గానీ, బాత్రూము వైపు మూలన గోధుమరంగు చారలు ఉన్నాయి. ముందు దానికి మరమ్మతు చేయిస్తాను. తొట్టిని ఇంటి వెనక పెరట్లో, కొబ్బరిచెట్ల పక్కన ఖాళీ జాగాలో పెడదామని నిర్ణయించాము. నేల చదును చేయడంలో ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

సమాధానం: కందుకూరు నుంచి కాంట్రాక్టరు

రాళ్లు, వేళ్ల మొదళ్లు ఏరివేసి, దిమ్మిస కొట్టి, రెండంగుళాల పెన్నా ఇసుక పరిచి నీటిమట్టం గొట్టంతో నాలుగు మూలలూ సరిచూడండి. ఒకవైపు ఒరిగితే నీళ్లన్నీ ఆ పక్కకే తోస్తాయి, చట్రం కాళ్లు విచ్చుకుంటాయి. ప్రహరీగోడకు నాలుగడుగుల దూరం వదలండి. పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో ముందు గుర్తుపట్టి, దాని మూత మీదికి తొట్టి అంచు కూడా రాకుండా చూసుకోండి. ఆ మూతలు మూడంగుళాల శ్లాబుతో వేసినవి చాలా ఉన్నాయి.