చదువుకి బయల్దేరే రోజు: రెండు విమానాలు, రెండు పెట్టెలు, తేడా ఎక్కడొస్తుంది?

కొత్తబాట:
మాస్టర్స్ కోసం మొదటిసారి దేశం దాటుతున్నా. మధ్యలో ఒకచోట విమానం మారాలి, చేతిలో మూడు గంటలుంటాయి. ఇంటి గుమ్మం దాటింది మొదలు హాస్టల్ తాళం చేతికొచ్చేదాకా ఎక్కడెక్కడ తేడా వస్తుందో, ఎందుకొస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి. చిన్న విషయమైనా వదలొద్దు.

అర్ధరాత్రి_విమానం:
ముందు టికెట్ మీద తేదీ చూసుకోండి. 15వ తేదీ 00:40 అని ఉంటే 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి అనుకుని వెళ్తే ఆ విమానం వెళ్లిపోయి ఇరవై గంటలు దాటిపోయి ఉంటుంది. టికెట్‌లో ఉన్న టైములన్నీ ఏ ఊరివి ఆ ఊరి లోకల్ టైములే. కాబట్టి హాస్టల్, పికప్ రెండూ బయల్దేరే తేదీకి కాకుండా దిగే తేదీకి బుక్ చేయాలి. అంతర్జాతీయ విమానాలకి చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. తూకంలో తేడా వచ్చి పెట్టె విప్పాల్సి వస్తే ఆ సర్దుడుకే అరగంట పోతుంది.

పెట్టెబేడా:
తూకం గురించి. చాలా టికెట్లలో ఒక్కో పెట్టెకి 23 కిలోలు. రెండు పెట్టెలుంటే ఒకటి 26, ఇంకోటి 20 ఉంటే "మొత్తం 46 కదా" అంటే కుదరదు, దేని లెక్క దానిదే. 32 కిలోలు దాటిన పెట్టెనైతే డబ్బు కడతామన్నా మామూలుగా తీసుకోరు, ఎత్తే మనుషుల నడుము కోసం పెట్టిన హద్దది. కొక్కేనికి తగిలించే తూకం యంత్రంతో ఇంట్లోనే చూసి 22 దగ్గర ఆపేయండి, యంత్రానికీ కౌంటర్‌కీ మధ్య తేడా ఉండొచ్చు. దుప్పటి, చలికోటు, ఛార్జర్ లాంటివి రెండు పెట్టెల్లోకీ పంచండి. ఒకటి రాకపోయినా మొదటి రాత్రి గడిచిపోతుంది.

పెట్టెకి అంటించిన పాత బార్‌కోడ్ స్టిక్కర్లు గోరుతో గీకైనా పీకేయండి. స్కానర్ పాతదాన్ని చదివితే పెట్టె దారి తప్పుతుంది. కౌంటర్‌లో కొత్త ట్యాగ్ కట్టగానే దాని మీద పెద్దగా ఉన్న మూడక్షరాల కోడ్ మీ ఆఖరి ఎయిర్‌పోర్టుదేనా చూడండి. మీకిచ్చే చిన్న రసీదు ముక్క మీద పది అంకెల నంబర్ ఉంటుంది, దానికి ఫొటో తీసుకోండి. పెట్టె కనపడకపోతే వెతికేది ఆ నంబర్‌తోనే.

గేట్‌నంబర్7:
ట్యాగ్ మీద ఆఖరి ఊరి కోడ్ ఉంటే మధ్యలో పెట్టె సంగతి పట్టించుకోనక్కర్లేదు.

నడిదారి:
అన్నిచోట్లా అలా కాదండీ. అమెరికాలో ముందు ఏ ఎయిర్‌పోర్టులో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. ట్యాగ్ మీద ఆఖరి ఊరున్నా మామూలుగా అక్కడ బెల్టు మీంచి పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీకి వెళ్లాలి. ఇన్ని వరసలుంటాయి కాబట్టి అక్కడ మూడు గంటలు ఎక్కువేం కాదు. షెంగెన్ దేశాలకైతే (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాలు) మొదట దిగిన షెంగెన్ ఎయిర్‌పోర్టులోనే పాస్‌పోర్ట్ తనిఖీ చేస్తారు, పెట్టె మాత్రం ఆఖరి ఊరిదాకా పోతుంది.

ఇదంతా ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్) మీద రెండు విమానాలుంటేనే. విడివిడిగా కొన్న టికెట్లయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎయిర్‌లైన్‌కి బాధ్యత ఉండదు. పెట్టె బయటికొచ్చి తీసుకోవాలి, అందుకు మధ్య దేశం వీసా కావాల్సి రావచ్చు. కొంచెం చవకని విడి టికెట్లు కొనడం ఈ ఒక్క ప్రయాణానికి వద్దనే నా గట్టి సలహా.

గేట్‌నంబర్7:
సరిచేసినందుకు థాంక్స్. పవర్ బ్యాంక్ సంగతి నేను చెప్తా. అది చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు. హద్దు 100 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత). దాని మీద రాసిన ఎంఏహెచ్ అంకెని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి: 20,000 అయితే 74, ఇబ్బంది లేదు. 30,000 అయితే 111, ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అంకెలు చెరిగిపోయినదాన్ని సెక్యూరిటీలో తీసేసుకోవచ్చు. విమానంలో చోటు లేదని గేటు దగ్గర చేతి సంచిని కిందికి పంపిస్తామంటే పవర్ బ్యాంక్, పాస్‌పోర్ట్, మందులు, కాగితాలు తీసుకున్నాకే ఇవ్వండి. అవన్నీ ఒక చిన్న పౌచ్‌లో ఉంటే పది సెకన్ల పని.

దారిదీపం:
ఇమిగ్రేషన్ దగ్గర ఫోన్ మీద ఆధారపడొద్దు. ఛార్జింగ్ ఉండకపోవచ్చు, నెట్ ఉండకపోవచ్చు, కొన్నిచోట్ల ఫోన్ తీయనివ్వరు. అడ్మిషన్ లెటర్, డబ్బు ఆధారాలు, ఉండబోయే చోటు అడ్రస్ కాగితం మీద ఉండాలి. అమెరికాకి సంతకం చేసిన ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ఫారం), సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) ఫీజు రసీదు. ఎఫ్-1 (అమెరికా విద్యార్థి వీసా) మీద మొదటిసారి వెళ్లేవాళ్లని కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకంటే ముందు రానివ్వరు. కెనడాలో స్టడీ పర్మిట్ ఇచ్చేది దిగాకే. కౌంటర్ వదలకముందే పేరు, పుట్టిన తేదీ, గడువు, కింద రాసిన షరతులు ఒక్కో లైనూ చదవండి. తప్పుంటే అక్కడికక్కడే దిద్దించుకోవడం తేలిక, బయటికొచ్చాక నెలలు పట్టొచ్చు. బ్రిటన్‌కి ఈ-వీసా అయితే చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ నంబరే ఆన్‌లైన్ ఖాతాకి జతయి ఉందా అని ముందే చూసుకోండి.

అర్ధరాత్రి_విమానం:
ఇంకోటి, ఓటీపీ. అక్కడ దిగి పాత సిమ్ తీసి కొత్తది వేయగానే పాత నంబర్ ఆగిపోతుంది. కార్డుతో కట్టేటప్పుడు ఓటీపీ అడిగితే, అది పాత నంబర్‌కే వస్తుంది. బయల్దేరకముందే పాత సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించి, కొత్తది ఈ-సిమ్‌గా ఇంటి వైఫై మీదే ఎక్కించేయండి. పాతదానికి డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో పెట్టండి. కార్డులో విదేశీ వాడకం కూడా బ్యాంక్ యాప్‌లో ఆన్ చేసుకోవాలి, చాలా కార్డులకి అది ఆఫ్‌లోనే ఉంటుంది.

కొత్తబాట:
పెట్టె రాకపోతే ముందు హాస్టల్‌కి వెళ్లి తర్వాత ఫోన్ చేయొచ్చా?

పెట్టెబేడా:
వద్దు. బెల్టు ఉన్న హాల్లోనే బ్యాగేజ్ డెస్క్ ఉంటుంది. పీఐఆర్ అనే ఫిర్యాదు అక్కడే రాయించి నంబర్ తీసుకున్నాకే బయటికి రండి. పెట్టె రంగు, కంపెనీ, లోపలున్న రెండు మూడు వస్తువులు అడుగుతారు, అందుకే సర్దేటప్పుడే ఒక ఫొటో తీయండి. మాంట్రియల్ ఒప్పందం (అంతర్జాతీయ విమాన ప్రయాణంలో నష్టపరిహారం నియమాలు) ప్రకారం పెట్టె పగిలితే చేతికొచ్చిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే వచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

దారిదీపం:
తాళం గురించి ఎవరూ చెప్పలేదు. చాలా హాస్టళ్ల ఆఫీసు సాయంత్రానికి మూసేస్తారు. విమానం రాత్రి దిగేదైతే వారం ముందే మెయిల్ పెట్టి, ఆఫీసు మూశాక తాళం ఎవరిస్తారు, లాక్‌బాక్స్ అయితే కోడ్ ఎంత, ఏ తలుపు వైపు అని అడగండి. జవాబు ప్రింట్ తీసి ఆ పౌచ్‌లోనే పెట్టండి. వారాంతంలో దిగుతుంటే ఈ మెయిల్ ఇవాళే పెట్టండి.