ఊలాంగ్ టీ మంచిదో కాదో ఏ కప్పులో తేలుతుంది?

సిరోంచ చాయ్
మా బావ హైదరాబాద్ నుంచి రెండు రకాల ఊలాంగ్ తెచ్చాడు. గ్రీన్ టీకీ మామూలు టీకీ మధ్యరకం అది. ఒకటి తైవాన్ డాంగ్‌డింగ్, ఇంకొకటి చైనాలోని అన్‌షీ ప్రాంతపు తియెగ్వాన్‌యిన్. ఏది మంచిదో తేల్చుదామని ఐఎస్‌ఓ 3103 పద్ధతి పట్టుకున్నాను. టీ రుచి చూసి పోల్చడానికి 1980లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతి అది. 100 మి.లీ. మరిగే నీళ్లకు 2 గ్రాముల ఆకు వేసి ఆరు నిమిషాలు ఉంచాలి. రెండూ నాలుక పట్టేసేంత వగరు, డాంగ్‌డింగ్ మరీను. అది నాసిరకమన్నాను. బావ ఒప్పుకోలేదు. "అంతసేపు నానితే ఏదైనా చేదెక్కుతది. కొద్దికొద్దిగా మూడు నాలుగు సార్లు నీళ్లు పోసి, తాగి అప్పుడు చెప్పు" అంటాడు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే వాదన. మీరేమంటారు?

జయపురం కాఫీ
కొరాపుట్ కాఫీ రుచి చూసే పనిలో ఉన్నాను. నేను ఆరు నిమిషాల పక్షం. మా దగ్గరా ఇలాగే ఒక స్థిరమైన కొలత ఉంది. 150 మి.లీ. నీళ్లకు 8.25 గ్రాముల పొడి, నాలుగు నిమిషాలకు పైన తేలిన పొరను చెంచాతో విరగ్గొట్టి వాసన చూస్తాం. ఎవరి తోటదైనా కొలత మారదు. మారితే ఇక పోలిక ఎక్కడిది? హాయిగా తాగడం వేరు, తప్పు పట్టడం వేరు. బూజు, మాడు వాసన లాంటివి గట్టిగా దిగిన కప్పులోనే దొరుకుతాయి. ఒక్క మాట, వేడి మీద తీర్పు చెప్పకండి. చల్లారాక చెంచాతో జుర్రి చూడండి.

బల్లార్‌పూర్ వాసి
జయపురం గారూ, కొలత ఒకటే ఉండాలి, కాదనను. కానీ అది ఏ టీకి కుదిరిన కొలత? పొడి పొడిగా ఉండే మన అస్సాం టీకి ఆరు నిమిషాలు బాగానే ఉంటుంది. వీళ్లింట్లో ఉన్న రెండు ఊలాంగ్‌లూ గట్టిగా ఉండ చుట్టిన ఆకు. అది విప్పుకోవడానికే మొదటి నీళ్లు సరిపోతాయి.

చైనా జాతీయ ప్రమాణంలో ఊలాంగ్‌కు వేరే లెక్క ఉంది. 110 మి.లీ. మూత గిన్నెలో 5 గ్రాముల ఆకు వేసి, అదే ఆకు మీద మూడుసార్లు మరిగే నీళ్లు పోస్తారు. మొదట 2 నిమిషాలు, తర్వాత 3, ఆ తర్వాత 5. ప్రతిసారీ వంచేముందు మూత ఎత్తి దాని లోపలి వాసన చూస్తారు. అంటే అక్కడ కొలతా ఉంది, ఆకుకు మూడు అవకాశాలూ ఉన్నాయి.

అదే ప్రమాణంలో మార్కులు చూడండి: రుచికి 35, వాసనకు 30, ఎండు ఆకు రూపానికి 20, తడిసిన ఆకుకు 10, రంగుకు 5 మాత్రమే. మనం రంగు దిగిందా లేదా అని చూసే టీ పొడి అలవాటు ఇక్కడ పనికిరాదు. ఊలాంగ్ లేత పసుపు నుంచి ముదురు తేనె రంగు దాకా ఉంటుంది. ఆకును గాలికి ఎంత మాగనిచ్చారు, నిప్పు మీద ఎంత వేయించారు అన్నదే ఆ తేడా.

రూపం కూడా మోసం చేస్తుంది. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్‌కు తేనె వాసన వచ్చేది ఒక పురుగు కుట్టి రూపు చెడిన ఆకుల వల్లే. మన పత్తి చేలను పీల్చేసే పచ్చదోమ కుటుంబంలోదే ఆ పురుగు. ఇక్కడ అది కనబడితే మందు కొట్టడానికి పరుగెత్తుతాం. అక్కడ దాని కోసం మందు కొట్టకుండా ఆగుతారు.

గుణుపురం
ఏ నీళ్లు వాడారు? మా బోరు నీళ్లతో ఏ టీ పెట్టినా పైన తెట్టు కడుతుంది, వాసన చచ్చిపోతుంది. నీళ్లలో సున్నం ఎక్కువైతే అంతే.

సిరోంచ చాయ్
గుణుపురం గారు అడిగింది నిజం, బోరు నీళ్లే. నిన్న క్యాన్ నీళ్లతో మళ్లీ రెండు పద్ధతుల్లోనూ పెట్టాను. తెట్టు లేదు. ఆరు నిమిషాల కప్పులో డాంగ్‌డింగ్ వగరుగానే ఉంది, కానీ చల్లారాక ఏ చెడు వాసనా దొరకలేదు. మూడు విడతల్లో తేడా తెలిసింది. తియెగ్వాన్‌యిన్ మొదటి మూత ఎత్తగానే పూల వాసన గది నిండింది, మూడోసారికి వేడినీళ్లే మిగిలాయి. డాంగ్‌డింగ్ మొదట చప్పగా ఉంది, మూడో విడతలో మింగిన చాలాసేపటి వరకు గొంతులో తియ్యదనం నిలిచింది. నా మొదటి తీర్పు తప్పు, బావకు చెప్పేశాను. ఆరు నిమిషాల కప్పు సరుకులో లోపం ఉందో లేదో చెబుతుంది. మంచితనం మాత్రం మూడో విడతలోనే తెలుస్తుందని ఇప్పుడు నా నమ్మకం. తడిసిన ఆకు కూడా విప్పి చూశాను. డాంగ్‌డింగ్ ఆకులు నిండుగా, అంచులు ఎర్రగా ఉన్నాయి. తియెగ్వాన్‌యిన్ అంచులు చిరిగిపోయాయి, అది లోపమే కదా?

బల్లార్‌పూర్ వాసి
దానికి మార్కులు తీయకండి. ఈ కాలపు పచ్చ తరహా తియెగ్వాన్‌యిన్‌లో ఎర్ర అంచులను కావాలనే రాలగొడతారు. మూడోసారికి నీళ్లయిపోవడానికి మాత్రం తీయండి.

జయపురం కాఫీ
తియ్యదనం నిలిచిందంటే నమ్ముతాను. కానీ ఏ కప్పు ఏదో తెలిసే తాగారు, పైగా బావతో వాదనలో ఉన్నారు. ఇంకొకరి చేత పోయించి, పేర్లు తెలియకుండా ఇద్దరూ తాగండి.

సిరోంచ చాయ్
సరే గారూ. రేపు పొద్దున అక్క పోస్తానంది. కప్పుల అడుగున నంబర్లు అంటించి పెట్టాం.