ఇద్దరున్న ఇంటికి వెట్ గ్రైండర్ దండగేనా? ఇడ్లీ పిండికి మిక్సీ చాలదా?

చిన్నవంటిల్లు:
తినేవాళ్ళు ఇద్దరు. వంటగట్టు మొత్తం ఆరడుగులు. పొయ్యి, సింకు, వాటర్ ఫిల్టర్ పోగా ఖాళీగా మిగిలేది రెండడుగులు. వారానికి రెండుసార్లు ఇడ్లీ, ఒకసారి దోసె. 750 వాట్ల మిక్సీ ఉంది. రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్ కొనాలా, వద్దా? కారణం చెప్పి వాదించండి. "మా ఇంట్లో దూదిలా వస్తాయి" అనే సాక్ష్యాలు వద్దు, అవి రెండు వైపులా బోలెడు ఉన్నాయి.

కొలతగిన్నె:
కొనొద్దు. ముందు తేలాల్సింది మీరు వండేది ఏ ఇడ్లీ అని. తమిళనాడు పద్ధతిలో ఉప్పుడు బియ్యం కూడా నానబోసి రుబ్బుతారు, పప్పు ఒక పాలైతే బియ్యం నాలుగు పాళ్ళు. అంత బియ్యం మిక్సీలో పట్టడం శిక్షే. గ్రైండర్లకి కోయంబత్తూరు పెట్టింది పేరు కావడం, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా రావడం ఊరికే జరగలేదు. మన వైపు ఎక్కువ ఇళ్ళల్లో వాడేది ఇడ్లీరవ్వ. రవ్వని రుబ్బం కదా, నానబెట్టి, కడిగి, నీళ్ళు పిండేసి కలపడమే. ఇక రుబ్బాల్సింది పప్పు ఒక్కటే.

లెక్క చూడండి. మనిషికి నాలుగు చొప్పున పూటకి ఎనిమిది, రెండు పూటలకి పదహారు. దానికి అర గ్లాసు మినపగుళ్ళు (100 గ్రాములు), గ్లాసు రవ్వ సరిపోతాయి. ఆ అర గ్లాసు పప్పుని రెండు లీటర్ల డ్రమ్ములో వేస్తే రాళ్ళ కిందకి వచ్చేది తక్కువ, గోడలకి అంటుకునేది ఎక్కువ. గరిటెతో తోస్తూ పక్కనే నిలబడాలి. గ్రైండర్ పెట్టి వేరే పని చూసుకోవచ్చన్న సుఖం అక్కడే పోయింది.

కరెంటు మాట కూడా తేల్చేద్దాం, ఎవరో ఒకరు ఎత్తుతారు. 150 వాట్ల గ్రైండర్ 25 నిమిషాలు తిరిగితే 62.5 వాట్ అవర్లు. 750 వాట్ల మిక్సీ 5 నిమిషాలు తిరిగినా అంతే. యూనిట్‌లో పదహారో వంతు. దాని మీద వాదన వేస్ట్.

రుబ్బురోలు:
కొలతగిన్నె గారూ, లెక్క బాగుంది, పిండి సంగతి వదిలేశారు. బ్లేడు కోస్తుంది, రాయి నలుపుతుంది. తేడా అంతా అందులోనే. రాయి నిదానంగా తిరుగుతూ పప్పుని నలిపి, మడతపెట్టి, గాలిని లోపలికి లాగుతుంది. అదే పప్పు గ్రైండర్‌లో ఎక్కువ ఒదుగుతుంది, కళ్ళకే కనపడుతుంది. మిక్సీలో బ్లేడు వేగానికి జార్ వేడెక్కి పిండి వెచ్చబడుతుంది. వేడెక్కిన పిండి సరిగ్గా పులవదు. పైగా మిక్సీ తిరగట్లేదని నీళ్ళు పోస్తారు, పిండి జారవుతుంది. జారైన పిండిలో రవ్వ అడుక్కి దిగిపోయి ఇడ్లీ కింద ఇసుక, పైన గంజి.

ఆవిరికుడుము:
రుబ్బురోలు గారి చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. వేడి గురించి చెప్పింది మాత్రం సగమే.

ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా. అది పప్పుతోనే వస్తుంది, వదిలే గ్యాసు పిండిలో బుడగలవుతుంది. గోరువెచ్చగా రెండు నిమిషాలు ఉన్నంత మాత్రాన అది చచ్చిపోదు, పిండి చల్లారాక పని మొదలుపెడుతుంది. చలికాలంలో ఆ వెచ్చదనం కాస్త మేలు కూడా. చెయ్యి పెట్టలేనంత కాలితే తప్ప భయపడక్కర్లేదు, అంత కాలేదాకా తిప్పితే ముందు మిక్సీయే ఆగిపోతుంది.

అసలు పోయేది గాలి. మినుముల్లో ఉండే జిగురు, ప్రోటీను కలిసి బుడగల్ని పట్టి ఉంచుతాయని మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ (ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ) వాళ్ళు ఎప్పుడో పరిశోధించి చెప్పారు. బియ్యానికి ఆ గుణం లేదు, అందుకే పప్పు తగ్గిస్తే ఇడ్లీ రాయవుతుంది. గ్రైండర్ ఆ నురగని తనంతట తనే కడుతుంది. మిక్సీకి మనం సాయం చేయాలి. అర గ్లాసు పప్పుకి ఇలా:

మినపగుళ్ళు నాలుగు గంటలు నానాలి. రాత్రంతా ఉంచితే జిగురు నీళ్ళలోకి దిగిపోతుంది. కడగడం నానబెట్టే ముందే, రెండుసార్లు. నానాక ఆ నీళ్ళు పారబోయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, రుబ్బడానికి అవే వాడాలి. పెద్ద జార్ వద్దు, పప్పు బ్లేడు మీద తేలుతుంది. చట్నీ జార్ కంటే ఒక సైజు పెద్దది చాలు, అది కూడా సగానికి మించి నింపొద్దు. ముందు నీళ్ళు లేకుండా రెండుమూడుసార్లు పల్స్ కొట్టి పప్పు విరగ్గొట్టండి. తర్వాత చల్లటి నీళ్ళు రెండు చెంచాలు, అర నిమిషం తిప్పడం, నిమిషం ఆపడం, అంచులు గీకి కిందికి తోయడం. మళ్ళీ రెండు చెంచాలు. ఇలా ఆరేడు విడతలు. మొత్తం నీళ్ళు పావు గ్లాసు నుంచి గ్లాసులో మూడో వంతు దాకా, అంతకు మించొద్దు. పప్పు కొత్తదైతే కాస్త ఎక్కువ లాగుతుంది.

గిన్నెలోకి తీశాక చేత్తో ఒకే వైపు మూడు నిమిషాలు గిలకొట్టండి. ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఇదే. చిటికెడు పిండి గ్లాసు నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకో రెండు నిమిషాలు కొట్టండి. తేలాకే రవ్వ కలపండి.

మిక్సీ అడుగున స్టిక్కరు కూడా చూడండి. చాలా వాటి మీద 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపమని ఉంటుంది. మధ్యలో ఆగిపోతే మోటారు కాలిందని కంగారు పడొద్దు. పది నిమిషాలు చల్లారనిచ్చి అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది.

సన్నకారం:
అందరూ పప్పు మీదనే పడ్డరు. ఇద్దరి ఇంట్ల ఇడ్లీ చెడేది సగం సార్లు రవ్వ దగ్గర. రవ్వను గంట సేపు నానబెట్టి, పైన తేలే తెల్ల నీళ్ళు మూడుసార్లు వంపాలె. తర్వాత పిడికిట్ల పట్టి గట్టిగ పిండాలె. నీళ్ళు కారుతున్న రవ్వ అట్లనే వేస్తే గ్రైండర్ పిండైనా జారే అయితది, అప్పుడు తప్పు మిక్సీ మీదకు తోస్తరు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఇంకో మాట. ఇద్దరే అయితే దుకాణంల పిండి ప్యాకెట్ తెచ్చుకుంటే అయిపాయె కదా? గ్రైండర్ ధరకు ఎన్ని ప్యాకెట్లు వస్తయో లెక్కేయండి.

కొలతగిన్నె:
ప్యాకెట్ ఇడ్లీకి కాదండీ, దోసెకి పనికొస్తుంది. కిలో ప్యాకెట్ విప్పాక ఇద్దరు దాన్ని రెండు పూటల్లో లాగించలేరు. మూడో రోజుకి పులుపు తిరుగుతుంది, అప్పటిదాకా అది ఎక్కడెక్కడ ఎండలో తిరిగి వచ్చిందో తెలీదు. ముందే పులిసిన పిండి కాబట్టి గాలి కూడా చాలావరకు పోయి ఉంటుంది.

ఇంట్లో కలిపిన పిండికైతే ఒక వెసులుబాటు ఉంది. రవ్వ కలిపాక, పులవకముందే రెండు గిన్నెల్లోకి తీయండి. ఒకటి బయట, ఒకటి ఫ్రిజ్‌లో. రెండోది రెండు రోజుల తర్వాత రాత్రి బయట పెడితే పొద్దుటికి తాజాగా పొంగుతుంది. చల్లగా ఉంటుంది కాబట్టి ఓ రెండు గంటలు ఎక్కువ పడుతుంది, అంతే. అంతా ఒకేసారి పులియబెట్టి దాస్తే రెండో పూట ఇడ్లీ అప్పచ్చిలా అణిగిపోతుంది.

మంచుదేశం:
అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళ కోసం. అక్కడి ఇళ్ళ ప్లగ్గుల్లో వచ్చేది 110-120 వోల్టులు. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీకీ గ్రైండర్‌కీ నేరుగా పెడితే నీరసంగా తిరుగుతాయి, లేదా అసలు తిరగవు. 110 వోల్టుల మోడల్ విడిగా దొరుకుతుంది, కొంటే అదే కొనండి. ఇండియా నుంచి మోసుకెళ్దామనుకునేవాళ్ళు బరువు కూడా చూసుకోండి, రాళ్ళతో కలిపి గ్రైండర్ పది కిలోలు దాటుతుంది.

చలిలో పిండి పొంగకపోతే గ్రైండర్ కొన్నా పొంగదు. ఓవెన్ ఆన్ చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె పెట్టండి. 12 నుంచి 14 గంటలు పట్టినా కంగారు పడొద్దు. చలి ఊళ్ళో ఉప్పు పొద్దున్నే వేయండి, వేసవిలో రాత్రే వేసేయండి. ఉప్పు పులుపుని నిదానింపజేస్తుంది, అది ఎప్పుడు కావాలో ఎప్పుడు వద్దో దాన్నిబట్టి.

రుబ్బురోలు:
సరే, రవ్వ ఇడ్లీ వరకు మిక్సీ గెలిచిందనుకుందాం. గిలకొట్టే ఓపిక ఉంటే. మరి గారెలు? ఎవరూ ఎత్తట్లేదే! గారె పిండిలో నీళ్ళు ఉండకూడదు. మిక్సీ నీళ్ళు లేకుండా తిరగదు. నీళ్ళు పోస్తే గారె నూనె తాగుతుంది, మధ్యలో చిల్లు నిలవదు, మూకుట్లో వేస్తే నాలుగు కాళ్ళు చాపుతుంది. మినపరొట్టెకీ, ఆవడకీ ఇదే గొడవ. పండక్కి కిలో పప్పు వేసిన రోజు మిక్సీ దగ్గర గంట కూర్చోవాలి.

ఆవిరికుడుము:
ఇక్కడ రుబ్బురోలు గారిదే న్యాయం. ఇద్దరికి ఓ పది గారెలంటే మాత్రం మిక్సీతో నెట్టుకురావచ్చు. గారెల పప్పు నానేది రెండు, రెండున్నర గంటలే. జల్లెడలో పోసి పది నిమిషాలు వదిలేయండి, చుక్క కారకూడదు. చిన్న జార్లో రెండు గుప్పెళ్ళ చొప్పున వేసి పల్స్ మాత్రమే కొట్టండి. బ్లేడు తిరుగుతున్నా పప్పు కదలకపోతే చెంచా చల్లటి నీళ్ళు. 100 గ్రాముల పప్పుకి అలా రెండు చెంచాలు దాటితే గారె ఆశ వదులుకొని పునుగులు వేసుకోండి. ఉప్పు ముందు వేయకండి, పిండి నీరు వదులుతుంది. నూనె కాగాక, వేసే ముందు కలపండి. అయినా గ్రైండర్ గారె పైన కరకర, లోపల గుల్ల. మిక్సీ గారె కాస్త గట్టిగానే ఉంటుంది, దాచడానికేముంది.

దోసెకి మటుకు ఏ పేచీ లేదు. పప్పు ఒకటి, బియ్యం మూడు, చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. పిండి జారుగానే ఉండాలి కాబట్టి మిక్సీ హాయిగా పట్టేస్తుంది. పెసరట్టు అయితే పులవాల్సిన పనే లేదు. దానికి గ్రైండర్ తీస్తే కడగడానికి పట్టిన టైమే ఎక్కువ.

సన్నకారం:
కడుగుడు సంగతి ఎవరు చెప్తరా అని చూస్తున్న. డ్రమ్ము, రాళ్ళు, పక్క గీకుడు పలక, మూత. ఇవన్నీ మీ సింకుల పడతయా? ముందు అది కొలవండి.

రుబ్బురోలు:
గ్లాసు నీళ్ళు పోసి నిమిషం తిప్పితే సగం కడగడం అయిపోతుంది. ఆ నీళ్ళు దోసె పిండిలో పోసుకోవచ్చు, పారబోయక్కర్లేదు. రాళ్ళు మాత్రం తడి మీద మూత పెట్టకండి, ముక్క వాసన పడుతుంది.

చిన్నవంటిల్లు గారూ, కొనాలనే ఉంటే రెండు లీటర్లది వద్దు. లీటరు, లీటరుంబావు డ్రమ్ములు వస్తున్నాయి, వాటిలో గ్లాసు పప్పు చక్కగా నలుగుతుంది. వంటగట్టు మీద రోజూ ఉంచే చోటు లేకపోతే కొనకండి. బీరువా మీద పెట్టిన గ్రైండర్ రెండో నెల నుంచి కిందికి దిగదు. పాతది ఎవరైనా ఇస్తామంటే ఖాళీ డ్రమ్ము తిప్పి చూడకండి, నీళ్ళు పోసి తిప్పండి. కీచుమంటే బెల్టు వదులైనట్టు, అది చిన్న ఖర్చే. డ్రమ్ము మధ్య ఇరుసు దగ్గర నీరు కారితే వదిలేయండి. కొత్తదైతే మొదట గుప్పెడు నానిన బియ్యం రెండుసార్లు రుబ్బి పారబోయాలి, లేకపోతే రాతిపొడి ఇడ్లీలోకొస్తుంది.

చిన్నవంటిల్లు:
సింకు కొలిచాను, 16 అంగుళాలు. డ్రమ్ము పడుతుంది గానీ పక్కన గిన్నె పట్టదు. మేం తినేది రవ్వ ఇడ్లీయే, గారెలు పండక్కి మాత్రమే. కాబట్టి ప్రస్తుతానికి మిక్సీ, చల్లటి నీళ్ళు, మూడు నిమిషాల గిలకొట్టుడు. ఒక్క సందేహం: గుళ్ళ బదులు పొట్టు మినపపప్పు వాడితే మిక్సీలో తేడా వస్తుందా?

ఆవిరికుడుము:
వస్తుంది. పొట్టు పప్పు బద్ద కాబట్టి రెండున్నర, మూడు గంటల్లో నానిపోతుంది, త్వరగా నలుగుతుంది, మిక్సీకి సుఖం. పొట్టు అంతా కడిగేయకుండా పావు వంతు ఉంచితే ఇడ్లీకి రుచి, రంగు మాత్రం కాస్త బూడిదగా ఉంటుంది. అయితే గుళ్ళంత ఒదగదు, అర గ్లాసుకి ఇంకో గుప్పెడు ఎక్కువ పోయండి. పాత సరుకు కాకుండా చూసుకోండి. పప్పు పాతదైతే రాయి తెచ్చినా, బ్లేడు తెచ్చినా పిండి నీళ్ళలో మునుగుతూనే ఉంటుంది.