హేడీస్, పెర్సెఫొనీల మీద మంచి స్పైసీ రొమాన్స్ చెప్పండి

బెంగళూరు చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల నుంచి ఈ మధ్య గ్రీకు పురాణాల మీద వచ్చిన మోడర్న్ రొమాన్సులే తెచ్చుకుంటున్నాను. స్పైస్ (అంటే శృంగారం) ఎంత ఘాటుగా ఉన్నా పర్వాలేదు. కానీ ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరిట పంటల దేవత డిమీటర్ మీద ఉన్న స్తోత్రంలో పాతాళ దేవుడు హేడీస్ ఆమె కూతురు పెర్సెఫొనీని ఎత్తుకుపోతాడు, గుట్టుగా దానిమ్మ గింజ తినిపిస్తాడు. దాంతో ఆమె ఏడాదిలో మూడో వంతు పాతాళంలోనే ఉండాలి. కూతురి కోసం డిమీటర్ భూమ్మీద పంటే పండనివ్వదు. అలాంటి తల్లిని విలన్ చేస్తే నాకు అస్సలు మింగుడుపడదు.

పెర్సెఫొనీ తన ఇష్టంతో ఆ గింజ తినే కథ, తల్లి బాధ కూడా మనసుకు తగిలే కథ ఏదైనా ఉందా? ఇంగ్లీషైనా సరే. సిరీస్ అయితే మొదటి భాగం సగంలో ఆగిపోతుందేమో కూడా చెప్పండి ప్లీజ్.