పాత్రకు పూర్వకథ ఎంతవరకు రాసుకోవాలి?

ప్రశ్న:
నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ, తీరిక వేళల్లో నాలుగు గళ్ళ బొమ్మల కథలు గీస్తుంటాను. కొత్త వరుసకు నాయిక కాంతమ్మ. హిందూపురంలో ముప్ఫై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపి, భర్త పోయాక ఇక్కడ కొడుకు ఫ్లాటుకు వచ్చి చేరిన మనిషి. ఆవిడ పెళ్ళి, అప్పులు, తమ్ముడితో తగాదా, అన్నీ పేజీలకు పేజీలు రాసుకున్నాను. తీరా గీసి చూస్తే అపార్ట్‌మెంటులో ఏ బామ్మనో గీసినట్టుంది. లోపం రాతలో ఉందా, గీతలో ఉందా?

జవాబు 1:
రాసింది ఎక్కువై కాదండి, అందులో కంటికి ఆనేది తక్కువై ఇలా జరుగుతుంది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఆవిడ నిలబడే తీరునో, కట్టూబొట్టునో, తీసుకునే నిర్ణయాన్నో మారుస్తుందా అని చూసుకోండి. తగాదా ఏమీ మార్చకపోతే వదిలేయండి. కొట్టు మాత్రం అన్నిటినీ మారుస్తుంది. పద్దులు రాసిన మనిషి కనుక కొప్పులో పెన్సిలు దోపుకుంటుంది, గల్లాపెట్టె వెనక కూర్చున్న అలవాటు కొద్దీ ఎవరినైనా కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది, సూపర్‌మార్కెట్టులో కందిపప్పు ప్యాకెట్టు మీద తూకం అచ్చువేసి ఉన్నా అరచేతిలో ఒకసారి ఎగరేసి గానీ బుట్టలో వేయదు. బొమ్మనంతా నల్ల సిరాతో నింపినా, ఆ కొప్పూ పెన్సిలూ చూసి కాంతమ్మేనని చెప్పగలగాలి.

జవాబు 2:
తగాదాను అప్పుడే వదిలేయవద్దని నా మనవి. అలవాట్ల వల్ల పాత్రను గుర్తుపడతాం. కథ నడిచేది మాత్రం ఆవిడకు ఏం కావాలి, దేనికి తల వంచదు అన్న వాటి మీదే. కోడలు కూరగాయల బండి దగ్గర ఫోనుతో డబ్బు కడుతుంటే, ఆవిడ చేయి కొంగుముడి దాకా వెళ్ళి ఆగిపోతే, ఆ గడిలో మాటలు అక్కరలేదు. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గారి బొమ్మల్లోని సామాన్యుడు గళ్ళ కోటు, ధోవతి, గుబురు మీసంతో దశాబ్దాల పాటు నోరు విప్పకుండానే దేశమంతటినీ చూశాడు. ఆయన గతం ఏమిటని అడగాలని మనకు తోచనే లేదు. మీ ఊళ్ళోనే ఎం.జి. రోడ్డు దగ్గర ఇండియన్ కార్టూన్ గ్యాలరీ ఉంది కదా, వీలైతే వెళ్ళి, వ్యాఖ్యలు చదవకుండా మనుషులు నిలుచున్న తీరు మాత్రమే చూసి రండి.

జవాబు 3:
చెన్నైలో స్టోరీబోర్డులు, అంటే తీయబోయే దృశ్యాలను ముందే వరుస బొమ్మలుగా గీసే పనిలో ఉన్నాను. నవ్వు, ఏడుపు, కోపం అని వరుసగా ముఖాలు గీసి మోడల్ షీటు (పాత్ర ప్రతిసారీ ఒకేలా రావడానికి ముందుగా గీసుకునే నమూనా) అయిందనుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ ముఖాలు ఎవరికైనా అతుకుతాయి. లిఫ్టు మధ్యలో ఆగిపోయినట్టు ఊహించి, అందులో కాంతమ్మను, కోడలిని, వాచ్‌మన్‌ను గీయండి. ముగ్గురూ ఒకేలా కంగారుపడితే స్వభావాలు ఇంకా తేలలేదన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. తమ్ముడికి కొట్టులో అరువు ఇవ్వనన్నందుకే ఆ తగాదా మొదలైందని రాసుకున్నాను, కనుక అది ఉంచుతాను. పెళ్ళి భాగం తీసేస్తాను. మొదటి కథలో ఆ తమ్ముడే ఫ్లాటు తలుపు తడతాడు, ఆవిడ పెన్సిలు కోసం కొప్పు తడుముకుంటుంది.