తలకు దెబ్బ తగిలిన కేసుల్లో ప్యాకేజీ పద్ధతి మార్చాలా, వద్దా?

కావలి కాలువగట్టు:
మా మేనమామ కొడుకు హైవే మీద బైక్ నుంచి పడ్డాడు. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద తలకు ఆపరేషన్ చేశారు. బాగానే చేశారు, కాదనను. కొన్ని వారాలకే "ప్యాకేజీ అయిపోయింది, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. గొంతులో ట్యూబు, ముక్కులో పైపు అట్నే ఉన్నాయి. కఫం లాగే మిషను అద్దెకు తెచ్చుకున్నాం. కార్డు మీద 25 లక్షల దాకా ఉందంటారు గదా, మరి ఇదేంది?

క్లెయిమ్ కౌంటర్:
అన్నా, 25 లక్షలు మీ కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితి. ఆస్పత్రికి వచ్చేది ఆ ప్రొసీజర్‌కు ముందే ఖరారు చేసిన రేటు, ప్యాకేజీ అంటే అదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైనప్పటి నుంచీ చాలావరకు ఇదే పద్ధతి. మోకాలికి, గుండెకు ఇది నడుస్తుంది, ఎన్నాళ్లు పడుతుందో ముందే తెలుసు కాబట్టి. తలకు దెబ్బ తగిలినోడు ఎప్పుడు కళ్లు తెరుస్తాడో ఎవరు చెప్పగలరు? ఆ రేటు కూడా చేతికి ఎప్పుడొస్తుందో తెలీదు. బకాయిల కోసమే కదా 2025 అక్టోబరులో ఈ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపింది. రోజు లెక్కన ఇవ్వాల్సిందే.

ఆత్మకూరు బస్టాండ్:
రోజు లెక్కనా! అప్పుడు వెంటిలేటర్ తీసే నాథుడు ఉండడు. ప్యాకేజీ ఉంది కాబట్టే ఆ మాత్రం అదుపు.

ఐసీయూ సిస్టర్, ఒంగోలు:
ఇద్దరూ డబ్బు ఎలా ఇవ్వాలనే కొట్టుకుంటున్నారు, దేనికి ఇస్తున్నారో చూడండి. మెదడు వాస్తే పుర్రె ఎముక తీసి, కొన్నిచోట్ల పొట్ట చర్మం కింద దాస్తారు. నెలల తర్వాత మళ్లీ పెట్టాలి. సర్జన్ పని గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం కింద పుండ్లు పడతాయి. వెన్నెముక దెబ్బయితే ఇంకా కష్టం, యూరిన్ పైపు దగ్గర ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంతకీ రోడ్డు ప్రమాదాలకు 2025లో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ పథకం లక్షన్నర దాకా, అదీ 7 రోజులకే. ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంచండి, తప్పులేదు. ఆ తర్వాతి నర్సింగ్‌కు, ఫిజియోథెరపీకి వేరే పద్దు పెట్టి, ఖరీదైన ఐసీయూలో కాకుండా జిల్లా పెద్దాసుపత్రిలోనో ఏరియా ఆస్పత్రిలోనో మంచాలు ఇవ్వాలి. అక్కడ వెంటిలేటర్ బిల్లు పెంచుకునే వీలుండదు.

ఆత్మకూరు బస్టాండ్:
ఇదైతే ఒప్పుకుంటా సిస్టర్. ఫిజియోథెరపిస్టులు ఏరియా ఆస్పత్రుల్లో సరిపడా ఉండాలి గానీ.

కావలి కాలువగట్టు:
డిశ్చార్జ్ అప్పుడు 10 రోజుల మందులిచ్చారు సిస్టర్, తర్వాత అన్నీ సొంతమే. మంచాన పడినవాళ్లకు నెలకు 15 వేల పింఛను ఉందని వాలంటీరుగా చేసిన పిల్ల చెప్పింది. దానికి సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి ఇచ్చేది, కావాలంట. గొంతులో ట్యూబు ఉన్నోడిని క్యాంపుకు ఎట్లా తీసుకుపోవాలి, ఇంటికొచ్చి చూసే ఏర్పాటు ఏమన్నా ఉందా?