చెరువు బురదలో అయస్కాంత బ్యాక్టీరియాను పట్టడమెలా?

ప్రశ్న: అయస్కాంతం లాగే దిశలో ఈదే ఈ బ్యాక్టీరియా కోసం ఉస్మాన్‌సాగర్ అంచు బురద సీసాలో పెట్టాం. అయస్కాంతం ఆనిస్తే నల్లటి పొడే వస్తోంది, ఈదేవి లేవు. ఎక్కడ తేడా కొడుతోందండీ?

జవాబు 1: ఆ పొడి ఇనుప ఖనిజపు రజను. సీసాలో సగానికి పైగా బురద, మిగతాది అదే చెరువు నీళ్లు, మూత వదులుగా. చీకట్లో కొన్ని వారాలు కదపొద్దు. కదిపితే ఆక్సిజన్ ఎక్కువ, తక్కువగా ఏర్పడ్డ పొరలు చెదిరి మళ్లీ మొదటికే. తర్వాత బురదకు సెంటీమీటరు పైన, సీసా బయట దక్షిణ ధ్రువం ఆనించి అరగంటాగి, అక్కడి నీళ్లు పిపెట్‌తో లాగండి.

జవాబు 2: ఆ నీటి చుక్కను గాజు పలక కింద వేలాడేలా పెట్టి మైక్రోస్కోప్‌లో 400 రెట్లలో చూడండి. బతికినవి అయస్కాంతం వైపు చుక్క అంచుకు చేరతాయి. అయస్కాంతం తిప్పితే వెనక్కి ఈదుతాయి. చచ్చినవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయంతే.

ప్రశ్న: వీటితో ఉపయోగం?

జవాబు 1: వీటి లోపలి మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) గింజలు 35–120 నానోమీటర్లు, పైన పొర, సైజు దాదాపు ఒకే తీరు. అందుకే ఎమ్మారై, కణితిని వేడితో చంపే ప్రయోగాల్లో వాడుతున్నారు. పెంపకమే తలనొప్పి: ఆక్సిజన్ ఎక్కువైతే గింజ కట్టదు.